కడగని రీలులో బొమ్మ ఎలా నిలుస్తుంది?

షికాగోలో ఆయాగా పనిచేస్తూ, రోలీఫ్లెక్స్ కెమెరాతో వీధుల్లో ఫొటోలు తీసిన వివియన్ మయర్ ఎన్నో రీళ్లు కడిగించనేలేదు. 2007లో ఆమె సామాను వేలానికి వచ్చింది. తర్వాత కడిగిస్తే, ఆ పాత రీళ్లలోంచి అద్భుతమైన బొమ్మలొచ్చాయి!

ఎలా? ఫిల్మ్ మీది జెలటిన్ పూతలో సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాలుంటాయి. వెలుగు తగిలిన స్ఫటికంలో కొన్నంటే కొన్నే వెండి పరమాణువులు విడివడతాయి. కంటికేమీ కనపడదు. డెవలపర్‌లో ముంచితే ఆ స్ఫటికం మొత్తం నల్లటి వెండిగా మారుతుంది. అందుకే నెగటివ్‌లో తెల్లచొక్కా నల్లగా ఉంటుంది. మిగతా స్ఫటికాలను ఫిక్సర్ కరిగించేస్తుంది.

వేడికి, ఏళ్లు గడిచేకొద్దీ, వెలుగు తగలని స్ఫటికాలూ కొన్ని పాడై నల్లబడతాయి. బొమ్మ మసకబారుతుంది.

తాతయ్య పాత కెమెరా దొరికిందా? వెనక మూత తెరవొద్దు! రివైండ్ మీట మెల్లగా తిప్పి చూడండి. బిగువుగా ఉంటే లోపల రీలున్నట్టే.