రాయచూరు గుట్టల్లో రాళ్ల వేట

చక్రాలున్న సాలగ్రామం పూజామందిరంలో ఉన్న ఇంట్లో ఒక శిలాజం ఉన్నట్టే. నేపాల్‌లో గండకీ నదిలో దొరికే ఆ నల్లరాతి లోపలి చుట్లు, సుమారు 15 కోట్ల సంవత్సరాల కిందట సముద్రంలో బతికిన అమ్మోనైట్ అనే ప్రాణి గుల్ల వదిలిన ముద్రలు. హిమాలయాలు పైకి లేవక ముందు అక్కడ సముద్రం ఉండేది. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో, వాన చినుకే అరుదైన ఆ చలి ఎడారిలో, లాంగ్జా అనే ఊరి చుట్టూ కూడా ఇలాంటి గుల్లలే కనిపిస్తాయి.

బెంగళూరులో ఏడో తరగతి చదువుతున్న మా మనవడు వేసవిలో అమ్మానాన్నలతో అక్కడికి వెళ్లి వచ్చాడు. దసరా సెలవులకు సింధనూరు దగ్గర మా క్యాంపుకు రాగానే వాడి మొదటి ప్రశ్న, "తాతయ్యా, మన గుట్టల్లో శిలాజాలు దొరకవా?" అని.

దొరకవు. రాయచూరు చుట్టుపక్కల కనిపించే ఈ గుండ్రాళ్ల గుట్టలు చాలావరకు 250 కోట్ల సంవత్సరాలూ అంతకు పైబడినవీ. భూమి లోపల కరిగి, చల్లారి గట్టిపడిన రాళ్లు. అప్పటికి ఎముకా గుల్లా ఉన్న జంతువే పుట్టలేదు. మన తెలుగు నేల మీద శిలాజాలు కావాలంటే గోదావరి వైపు పోవాలి. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. ఇదంతా చెప్పాక వాడి ముఖం చిన్నబోయింది. "శిలాజాలు లేకపోతేనేం, మనిషి చెక్కిన రాళ్లున్నాయి, పద" అని మర్నాడు పొద్దున్నే కారు తీయించాను. మా అల్లుడు కూడా వచ్చాడు.

మస్కి మాకు దగ్గరే. లింగసూగూరు దారిలో వస్తుంది. 1915లో సి. బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు ఇక్కడి గుట్ట మీద గుహలాంటి చోట ఒక బండపై బ్రాహ్మీ అక్షరాలు చూశాడు. అదే ఏడు హెచ్. కృష్ణశాస్త్రి గారు ఆ శాసనాన్ని హైదరాబాద్ ప్రభుత్వ పురావస్తు గ్రంథమాల మొదటి సంచికగా ప్రచురించారు. అంతవరకు దొరికిన శాసనాలన్నీ 'దేవానాంప్రియ', 'ప్రియదర్శి' అనేవే. ఆ ప్రియదర్శే అశోకుడని పండితులు సింహళ గ్రంథాల ఆధారంతో చెబుతూ వచ్చారు. పేరు పెట్టి 'అశోక' అని చెప్పిన మొదటి రాయి మస్కిది. ఆ తరువాత గుజర్రా, నిట్టూరు, ఉదెగోళంలలోనూ ఆ పేరు బయటపడింది. బంగారం కోసం వెతికినవాడికి అశోకుడు దొరికాడన్నమాట! బంగారమూ లేకపోలేదు, హట్టి గనుల్లో ఇప్పటికీ తవ్వుతున్నారు.

ఆ గుట్టల కిందనే 1954లో బి.కె. థాపర్ తవ్వకాలు జరిపారు. నాలుగు కాలాల మనుషులు ఒకరి మీద ఒకరు వదిలిపోయిన పొరలు బయటపడ్డాయి. అడుగున రాతి పలుకులు వాడినవారు, వారిపైన ఇనుము తెలిసి పెద్ద రాళ్లతో సమాధులు కట్టినవారు, ఆపైన శాతవాహనుల నాటివారు, చివర మధ్యయుగంవారు. ఏ వస్తువు ఏ పొరలో ఉందన్నదే ఇక్కడ లెక్క. పొర నుంచి విడదీస్తే అది ఉత్త పెంకే.

ముద్గల్ దగ్గరి పిక్లిహాళ్ మా వాడికి ఇంకా నచ్చింది. అక్కడి బండల మీద మూపురం ఎద్దుల బొమ్మలు రాతితో కొట్టి గీసినవి ఉన్నాయి. 1952లో ఇక్కడ తవ్విన ఇంగ్లీషు పండితుడు ఆల్చిన్ నివేదికను 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన పురావస్తు గ్రంథమాలలో ప్రచురించింది. కర్ణాటక ఊరికి ఆంధ్ర పుస్తకం ఏమిటంటే, 1956 దాకా రాయచూరు హైదరాబాద్ రాష్ట్రంలోదే మరి.

ఆ ఎద్దులను మేపినవారే ఈ ప్రాంతమంతా బూడిద దిబ్బలు వదిలారు. బళ్లారి జిల్లా కుడితిని దగ్గరి దిబ్బను బూడిద కనుమ అంటారు. భీముడు హిడింబాసురుణ్ణి చంపి కాల్చిన బూడిద అని కథ. పాతకాలపు దొరలు కొందరు అగ్నిపర్వతం అన్నారు. అది పేడ బూడిద అని పరీక్షల్లో తేలింది. 1957లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో తవ్విన ఆల్చిన్‌కు దిబ్బ పొరల్లో పశువుల గిట్టల గుర్తులే కనిపించాయి. నాలుగు వేల ఏళ్లకు పైబడిన పశువుల దొడ్లు, పేరుకున్న పేడతో సహా మళ్లీ మళ్లీ తగలబెట్టినవి. పండగ రోజు పశువులను మంట దాటించే ఆచారాన్ని ఆయన దీనితో పోల్చారు. ఇంత చరిత్ర ఉన్న దిబ్బలను ఎన్నోచోట్ల ఎరువుకని బళ్లకెత్తి పొలాల్లో చల్లేశారు. తుంగభద్ర ఎడమ కాలువ కింద మనవాళ్లు వచ్చి భూములు చదును చేసిన రోజుల్లో నలుపూ ఎరుపూ కలిసిన కుండపెంకులు నాగళ్లకు ఎడాపెడా తగిలేవని, గట్ల కింద తొక్కేశారని మా క్యాంపు పెద్దలు చెప్పుకుంటారు. కడుపు కోసం వచ్చినవాళ్లకు పెంకు పెంకులాగే కనిపిస్తుంది, వాళ్లను తప్పుపట్టను.

తిరుగుదారిలో దున్నిన చేను గట్టు మీద టీ తాగుతుంటే మనవడికి నల్లటి రాయి దొరికింది. అరచెయ్యంత. ఒక కొస సన్నగా, రెండో కొస గొడ్డలి అంచులా నున్నగా ఉంది. ముందు పెచ్చులు లేపి, తరువాత చిన్న చిన్న దెబ్బలతో ఆకారం తెచ్చి, నీళ్లూ ఇసుకా వేసి బండ మీద రుద్ది, చివరికి మెరుగు పెట్టిన గొడ్డలి. నాలుగు దశల పని. పట్టుకుంటే బొటనవేలు తనంతట తానే సరైన చోట ఆనింది.

"సంచిలో వేసుకో, ఇక్కడుంటే రేపు రోటవేటర్ కింద ముక్కలవుతుంది" అన్నాడు అల్లుడు. అందులో నిజం లేకపోలేదు. కానీ బెంగళూరులో అద్దాల బీరువాలో పెడితే రెండేళ్లకు ఇది ఎక్కడిదో ఇంట్లోనే ఎవరికీ గుర్తుండదు. పైగా నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువులు 1972 నాటి చట్టం కిందికి వస్తాయి. నేను వద్దన్నాను. మనవడికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

చేను రైతు వచ్చి రాయిని తిప్పి చూశాడు. "పిడుగురాయి సార్, ఇంకా రెండున్నాయి" అంటూ మమ్మల్ని చేను మూలనున్న వేపచెట్టు దగ్గరికి తీసుకెళ్లాడు. చెట్టు మొదట్లో అలాంటివే రెండు, కుంకుమ బొట్లతో. మూడోది వాటి పక్కన పెట్టాడు. మనవడు ఫొటో తీసుకుని, ఊరి పేరు, ఏ గట్టు దగ్గర దొరికింది, కాలువకు ఎన్ని అడుగుల దూరం, అన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఆ కాగితం నకలు పురావస్తు శాఖకు పంపుదామన్నాడు అల్లుడే.

వెళ్లాలనుకునేవారు నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లండి. ఆ తరువాత బండలు కాలుతాయి. నీళ్లు, టోపీ, గట్టి చెప్పులు ఉండాలి. మస్కి శాసనం రక్షిత కట్టడం, అక్కడ తవ్వినా చెక్కినా నేరం. సుత్తి ఇంట్లోనే వదిలేయండి.