మన నెమలినారతో ఎల్మ్ బోన్సాయ్: విత్తనం నుంచి కుండీ దాకా

బోన్సాయ్ నేర్చుకునేవాళ్లకు ప్రపంచమంతటా మొదట చేతికిచ్చే చెట్టు చైనీస్ ఎల్మ్. చైనా, కొరియా, జపాన్‌లలో సహజంగా పెరిగే చెట్టు అది. చిన్న ఆకు, సన్న కొమ్మ, కత్తిరించిన చోటల్లా కొత్త చిగుళ్లు. అందుకే దానికి అంత పేరు. మన కడియం నర్సరీల నుంచి హైదరాబాద్ దాకా బోన్సాయ్ కుండీలు దొరుకుతూనే ఉన్నాయి. కొనడం ఒక్క రోజు పని. మా పుల్లలచెరువు, ఎర్రగొండపాలెం, మార్కాపురం వైపు మే నెల ఎండకు, వేడి గాలికి నాలుగు వేళ్ల లోతు ట్రేలో దాన్ని నిలబెట్టడమే అసలు పని. వేలు పోసి తెచ్చిన మొక్క ఒక్క ఎండాకాలంలో పుల్లయిపోతే ఎవరికైనా బాధే.

అందుకే ఈ వీడియోలో చూపించింది చైనీస్ ఎల్మ్ కాదండీ. ఎల్మ్ కుటుంబంలోనే పుట్టిన మన చెట్టు, నెమలినార. కొన్ని చోట్ల నాలి, తపసి అని కూడా అంటారు. ఇంగ్లీషులో దీని పేరే ఇండియన్ ఎల్మ్. శాస్త్రీయ నామం హోలోప్టీలియా ఇంటెగ్రిఫోలియా.

చెట్టును గుర్తుపట్టేదెట్లా?

బూడిద రంగు బెరడు. ముదిరితే పొలుసులుగా ఊడుతుంది. ఆకు నలిపి వాసన చూడండి, ముక్కు మూసుకోవాల్సిందే. పెద్ద చెట్టు ఆకు అంచు నున్నగా ఉంటుంది. లేత మొక్క ఆకుకు మాత్రం రంపపు పళ్లలాగా కోతలుంటాయి, అది చూసి వేరే మొక్క అనుకోబాకండి. ఎండాకాలం మొదట్లో ఆకు రాలుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రూపాయి బిళ్లలాంటి గుండ్రటి రెక్కల కాయలు గాలికి ఎగురుతూ కిందపడతాయి. మధ్యలో ఉబ్బుగా ఉన్నదే విత్తనం.

అడవి జోలికి పోవద్దు

మనకు పక్కనే నల్లమల. బండ సందుల్లో ఏళ్ల తరబడి పెరిగి, మేకలు కొరికి, మెలికలు తిరిగిన మొక్కలు కనిపిస్తాయి. బోన్సాయ్ కళ్లతో చూస్తే చెయ్యి ఊరుకోదు. కానీ రిజర్వు ఫారెస్టులో మొక్క పీకడం ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 ప్రకారం నేరం. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం పరిధిలో నిబంధనలు ఇంకా గట్టివి. చట్టం సంగతి పక్కన పెట్టినా, బండలో దిగిన తల్లివేరు తెగిన ముదురు మొక్క చాలాసార్లు బతకదు. అడవికీ నష్టం, మనకూ దక్కదు.

మనకు కావాల్సింది గుప్పెడు విత్తనాలు. రోడ్డు పక్కన, చెరువు కట్ట మీద, గుడి ఆవరణలో ఉన్న చెట్టు కింద ఊడిస్తే చాలు. పాత గోడ పగుళ్లలో మొలిచి, ఎట్లాగూ పీకేయబోయే మొక్క ఉంటే, ఇంటివాళ్లను అడిగి తెచ్చుకోండి. ఆ మొక్కకు ప్రాణం పోసినవాళ్లవుతారు.

మొదటి మూడేళ్లు: లావెక్కించాలి

విత్తనం తాజాగా ఉన్నప్పుడే వేయండి, దాచిపెడితే మొలకశాతం పడిపోతుంది. రెక్క తుంచి, మట్టిలో పైపైనే వేసి, తడి ఆరకుండా చూస్తే రెండు వారాల లోపు మొలకలొస్తాయి. నాలుగైదు ఆకులొచ్చాక తల్లివేరు కొస కత్తిరించి విడిగా నాటితే పక్కవేర్లు నాలుగు వైపులా పరుచుకుంటాయి. రేపు బోన్సాయ్ అందమంతా ఆ వేర్లలోనే ఉంటుంది.

ఇక్కడ తొందరపడి ట్రేలో పెట్టబాకండి. చిన్న కుండీలో మొక్క కాండం లావెక్కదు. మూడేళ్లు నేలలోనో, పెద్ద గ్రో బ్యాగ్‌లోనో వదిలేయండి. మొక్క స్వేచ్ఛగా ఎదిగి బొటనవేలు లావు దాటాక, కింద కొమ్మకు కొంచెం పైన నరకండి. ఆ కొమ్మ కొత్త తలగా లేస్తుంది. అది లావెక్కాక మళ్లీ కోత. ఇట్లా చేస్తే కాండం అడుగున లావుగా, పైకి సన్నగా, ముసలి చెట్టు ఆకారం వస్తుంది.

కుండీ మట్టి చేను మట్టి కాదు

మనం పొలంలో జీవామృతం వాడేది తోడు వేయడం లాంటిది. 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. సూక్ష్మజీవులు పెరుగుతాయి, నేలలో ఉన్నదాన్ని మొక్కకు అందిస్తాయి. ఎకరం నేల వెనకాల ఉంది కాబట్టి అది పనిచేస్తుంది. బోన్సాయ్ ట్రేలో ఉండేది రెండు మూడు కిలోల మట్టి. లోపల నుంచి పైకి తెచ్చే వానపాము లేదు, లోతు లేదు. తోడు ఉన్నా పాలు ఉండాలిగా! అందుకని కుండీలో జీవామృతంతో పాటు బాగా చివికిన ఎరువు తప్పనిసరి.

మట్టి మిశ్రమం: శనగ గింజంత ఇటుక ముక్కలు 2 పాళ్లు, ముతక ఇసుక 1 పాలు, చివికిన పశువుల ఎరువు 1 పాలు. జల్లెడ పట్టి దుమ్ము తీసేయండి. ఉత్త ఎర్రమట్టి నింపితే రెండు నెలల్లో గట్టిపడి నీళ్లు దిగవు, వేరు కుళ్లుతుంది. ట్రే చిల్లు మీద జాలీ పెట్టి, తీగతో చెట్టును ట్రేకు కట్టండి. గాలికి ఊగితే కొత్త వేర్లు తెగుతాయి.

జీవామృతాన్ని గుడ్డలో వడగట్టి, లీటరుకు 10 లీటర్ల నీళ్లు కలిపి, చిగురు వేసే కాలంలో 15 రోజులకు ఒకసారి పోస్తే సరిపోతుంది. ఆకు రాలి ఉన్నప్పుడు, వేర్లు కత్తిరించిన కొత్తలో వద్దు.

మన మార్కాపురం పలక రాయి కూడా ఈ పనికి వాడొచ్చు. వెడల్పాటి రాతి ముక్క మీద మట్టి గట్టు కట్టి చెట్టు నాటే పద్ధతి బోన్సాయ్‌లో ఉంది. గని దగ్గర పారేసే ముక్క చాలు. కాకపోతే రాయి ఎండకు కాలుతుంది కాబట్టి మార్చి నుంచి నీడలోకి మార్చాలి.

నీళ్లే అసలు పరీక్ష

మా వైపు బోరు నీళ్ల కథ మీకు చెప్పక్కర్లేదు. ఉప్పు, సున్నం, ఫ్లోరైడ్. పొలంలో వాన పడితే లవణాలు కొంత కడుక్కుపోతాయి. ట్రేలో పేరుకుపోతాయి. కుండీ అంచున తెల్ల పొర, ఆకు పసుపు పడి ఈనెలు మాత్రం పచ్చగా ఉండటం, ఆకు కొస మాడటం దాని గుర్తులు. వాన నీళ్లు ఒక డ్రమ్ములో పట్టి ఉంచుకోండి. ఒక్క చెట్టుకు ఎంతో అక్కర్లేదు. నెలకోసారి ఆ నీళ్లతో అడుగు చిల్లు నుంచి ధారగా కారేదాకా పోస్తే ఉప్పు దిగిపోతుంది. ఫిల్టర్ ప్లాంటు వదిలేసే నీళ్లు మాత్రం పొయ్యబాకండి, లవణాలన్నీ చిక్కబడేది అందులోనే.

రోజుకు ఎన్నిసార్లు పోయాలి అంటే గడియారం చూసి చెప్పలేం. వేలు పెట్టి చూడండి, పైన ఆరితే పోయండి. మే నెలలో రెండు పూటలా, వానాకాలంలో వారం పాటు అసలు అక్కర్లేకపోవచ్చు.

ఇంకో ముఖ్యమైన మాట. 'ఇంట్లో' అంటే టీవీ పక్కన అని కాదు. ఇది ఎండ చెట్టు. వాకిట్లో, డాబా మీద, బాల్కనీలో ఉండాలి. చుట్టాలొచ్చినప్పుడు ఒక పూట లోపల పెట్టి చూపించి మళ్లీ బయట పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండ పడకుండా 50 శాతం షేడ్ నెట్ కట్టండి.

ఏ కాలంలో ఏ పని

ఆకు రాలినప్పుడు: చచ్చిపోయిందని పీకేయొద్దు. గోటితో బెరడు గీకండి, కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. నీళ్లు తగ్గించండి. కొమ్మల ఆకారం స్పష్టంగా కనిపించే సమయం ఇదే.

మొగ్గ ఉబ్బేటప్పుడు: రెండు మూడేళ్లకోసారి ట్రే మార్చి, మూడో వంతుకు మించకుండా వేర్లు కత్తిరించండి. మూడు వారాలు నీడలో ఉంచండి. అప్పటికే ఎండలు ముదిరితే ఆగి, తొలకరి పడ్డాక చేయండి.

వానాకాలం: ఆరేడు ఆకులు రాగానే రెండు మూడు ఆకులు మిగిల్చి తుంచండి. చివర మిగిల్చిన ఆకు ఎటు చూస్తుంటే కొత్త కొమ్మ అటే పోతుంది. అల్యూమినియం తీగ చుడితే పది రోజులకోసారి చూడండి. ఈ కాలంలో కొమ్మ త్వరగా లావై తీగ బెరడులోకి దిగుతుంది.

పిండినల్లి, పేనుబంక వస్తే ముందు నీళ్ల ధారతో కడిగేయండి. తగ్గకపోతే లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి సాయంత్రం పిచికారీ చేయండి.

నెమలినార ఆకు చైనీస్ ఎల్మ్ ఆకంత చిన్నది కాదు. తుంచే కొద్దీ కొంత తగ్గుతుంది గానీ, అరచేతిలో పట్టే బోన్సాయ్‌కి ఇది కుదరదు. అడుగున్నర, రెండడుగుల చెట్టుగా పెంచితేనే అందం. దీని పుప్పొడి కొందరికి పడదు కాబట్టి ఆయాసం ఉన్నవాళ్లు పూత కనిపిస్తే తుంచేయండి.

అమ్మకం మాట

ఐదేళ్ల లోపు బోన్సాయ్ అని ధైర్యంగా అమ్మగలిగే చెట్టు రాదు. అంతకుముందే డబ్బులొస్తాయని ఎవరు చెప్పినా నమ్మొద్దు. లావెక్కించి, మొదటి కోత కోసిన మొక్కను నేర్చుకునేవాళ్లకు అమ్మడం ఒక దారి. ఇది తరాల పని. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని జాతీయ బోన్సాయ్ మ్యూజియంలో ఒక జపాన్ పైన్ చెట్టు ఉంది. 1625 నుంచి సాకుతున్న చెట్టది. 1945లో హిరోషిమా బాంబును తట్టుకుని బతికింది. ఆ కుటుంబం 1976లో దాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చింది. ఎన్ని తరాలు ఒక్కరోజూ మరవకుండా నీళ్లు పోస్తే అది నిలబడిందో ఆలోచించండి.

గుప్పెడు విత్తనాలు వేస్తే యాభై మొక్కలొస్తాయి. అందులో కుండీకి పనికొచ్చేవి నాలుగైదు. మిగతావి పారేయకుండా వానాకాలంలో చెరువు కట్ట మీద, పొలం గట్టు చివర నాటండి. కుండీలోది మీ మనవళ్లు చూసుకుంటారు, గట్టు మీదది గొడ్లకూ మనుషులకూ నీడనిస్తుంది. ఈ ఏప్రిల్‌లో రెక్కల కాయలు ఎగరడం మొదలయ్యేలోపు ఒక సంచి, జల్లెడ సిద్ధం చేసుకోండి.