మహమ్మారి నాటి కంప్యూటరు ఖర్చు : రైతులు గమనింపవలసిన సంగతులు

2020 మార్చి 25వ తేదీ నుండి దేశమంతట లాక్‌డౌన్ అమలైనది. రబీ వరి కోతకు వచ్చుచున్న సమయమది. నిజామాబాదు మార్కెట్టుకు పసుపు బస్తాలు చేరవలసిన రోజులు. లారీలు కదలలేదు, హమాలీలు రాలేదు. అయినను ఏప్రిల్ నెలలో మీలో చాలామంది బ్యాంకు ఖాతాలో పి.ఎం. కిసాన్ కిస్తు 2,000 రూపాయలు పడినవి. కచేరీలన్నియు మూతబడి యుండగా అది ఎట్లు సాధ్యమైనదో ఎప్పుడైనను ఆలోచించితిరా?

ఆ సొమ్ము కొత్తగా మంజూరైనది కాదు. సంవత్సరమునకు 6,000 రూపాయల ఆ పథకము 2019 ఫిబ్రవరిలోనే ప్రారంభమైనది. ఇవ్వవలసిన కిస్తును 8 కోట్లకు పైబడిన రైతులకు కొంత ముందుగా విడుదల చేసిరి. రైతు పేరు, భూమి వివరము, ఆధారు అంకె, ఖాతా అంకె అంతకు పూర్వమే కంప్యూటరులో చేరియుండుటచేత ఆ పని జరిగినది. దప్పిక వేసినప్పుడు బావి త్రవ్వ మొదలిడినవానికి ఆ పూట నీరు దొరకదు. ఈ బావి ముందే త్రవ్వి యుండెను.

మహమ్మారి వచ్చినది గనుక ప్రభుత్వము కంప్యూటర్లపై ధారాళముగా ఖర్చు పెట్టి యుండునని పలువురు తలంతురు. తొలి సంవత్సరమున జరిగినది అది కాదు. పన్నుల రాబడి పడిపోయినది. 2020 ఏప్రిల్‌లో కేంద్ర ఆర్థిక శాఖ పెక్కు శాఖలకు కళ్ళెము వేసి, మొదటి మూడు నెలలలో సంవత్సరపు కేటాయింపులో 15 లేక 20 శాతమునకు మించి ఖర్చు చేయరాదనెను. జూన్ 4న, సహాయక ప్యాకేజీలు తప్ప ఆ ఆర్థిక సంవత్సరములో కొత్త పథకములు వద్దని ఉత్తరువు చేసెను. ఎలక్ట్రానిక్సు, సమాచార సాంకేతిక శాఖకు 2020-21 బడ్జెటులో సుమారు 6,900 కోట్ల రూపాయలు చూపి, సవరించిన అంచనాలలో 5,400 కోట్లకు తగ్గించిరి. మరుసటి ఏడు అదే శాఖకు సుమారు 9,720 కోట్లు కేటాయించిరి. ఈ పెంపు అంతయు మన ఊరికి వచ్చు సేవలకు కాదు సుమండీ! సెల్‌ఫోను తయారీదారులకిచ్చు ప్రోత్సాహకము కూడ అందులో కలిసి యున్నది.

చేతిలో సొమ్ము తక్కువైనప్పుడు ఉన్న గోడపైనే మరి నాలుగు వరుసలు పేర్చుదురు. 2016లో మొదలైన ఈ-నామ్ మార్కెట్టు పద్ధతిలో, 2020 ఏప్రిల్ 2న, గిడ్డంగిలోనున్న సరుకును రసీదు మీదనే అమ్ముకొను వీలు చేర్చిరి. మే నెలలో అందులోని మార్కెట్లు 585 నుండి 1,000కి పెరిగినవి. ఏప్రిల్ 17న, లారీ వెదకికొనుటకు కిసాన్ రథ్ అను యాప్ విడుదలైనది.

ఇక గ్రామాధికారులు ముఖ్యముగా గమనింపదగిన సంగతి. 2020 మే నెలలో కేంద్రము రాష్ట్రముల అప్పు పరిమితిని రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతము నుండి 5 శాతమునకు పెంచెను. కాని పెంచినదానిలో అధిక భాగమునకు షరతులు పెట్టెను. అందొకటి, ఏ ఊరి కార్డుతోనైనను ఏ ఊరిలోనైనను రేషను తీసికొను ఏర్పాటు. అందుకు ప్రతి కార్డుకు ఆధారు చేరవలెను, ప్రతి చౌకధరల దుకాణములో ఈ-పాస్ యంత్రము పనిచేయవలెను. మన రెండు రాష్ట్రములు 2019 ఆగస్టు నుండియే ఒకరి కార్డును మరియొకరు అంగీకరించు ప్రయోగము చేయుచుండుటచేత ఈ షరతు త్వరగా నెరవేర్చగలిగినవి. ఆంధ్రప్రదేశ్‌కు 2,525 కోట్లు, తెలంగాణకు 2,508 కోట్ల రూపాయల అదనపు అప్పుకు అనుమతి లభించెను. ఈ రేషను పద్ధతికి దేశమంతటికిని కేంద్రము ఏర్పరచిన పథకము 127 కోట్లది మాత్రమే! ఊరిలో డీలరు వ్రేలిముద్ర తీసికొను చిన్న యంత్రముపై ఇన్ని వేల కోట్లు ఆధారపడినవి. అయితే అప్పు అప్పే, తీర్చవలసినది మనమే. ఇంకొక చిత్రము : అంటువ్యాధి భయముచేత ఆ వేసవిలో చాలాచోట్ల వ్రేలిముద్ర వేయించుట ఆపి, ముద్ర లేకుండగనే బియ్యము ఇచ్చిరి.

వేరొక షరతు మీ మోటారు వరకు వచ్చినది. ఉచిత విద్యుత్తుకు బదులు ఆ సొమ్మును రైతు ఖాతాలో వేయు పద్ధతి పెట్టిన రాష్ట్రమునకు మరికొంత అప్పు దొరకును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము శ్రీకాకుళము జిల్లాలో మీటర్లతో ప్రయోగము ఆరంభించెను. తెలంగాణ ప్రభుత్వము మీటర్లకు ఒప్పుకొనలేదు. మీటరు మేలా కీడా అనునది వేరే చర్చ. బడ్జెటు పద్దులలో కంప్యూటరు ఖర్చుగా కనబడనిది కూడ ఈ విధముగా పొలము గట్టున యంత్రమై నిలుచునని తెలిసికొనిన చాలును.

తొందరలో కట్టిన కొత్త ద్వారము ఎట్లుండునో కోవిన్ చూపినది. 2021 మే 1 నుండి 18 ఏండ్లు దాటినవారికి టీకా వేయ నారంభించినప్పుడు, 45 ఏండ్ల లోపువారు ముందుగా ఫోనులోనో కంప్యూటరులోనో పేరు నమోదు చేసికొనవలసి యుండెను. సిగ్నలు లేని తండాలో కూలివాడు ఏమి చేయగలడు? మే 24న ప్రభుత్వ కేంద్రములలో అక్కడికక్కడ నమోదుకు అనుమతించిరి. ఆ నెలాఖరున సుప్రీంకోర్టు తన ఉత్తరువులో ఈ సంగతినే ప్రశ్నించెను. ఆ కోవిన్ లెక్కలోనే అక్టోబరు 21 నాటికి 100 కోట్ల డోసులు నమోదైనవి. పనిముట్టు మంచిదే. ద్వారము ఒక్కటే ఉంచుట తప్పు.

తీగ సంగతి కూడ చెప్పవలెను. ఆరు లక్షల గ్రామములకు వేయి రోజులలో ఆప్టికల్ ఫైబరు వేయుదుమని 2020 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రకటించిరి. ఆ వేయి రోజులు 2023 మే నెలలో గడచినవి, తీగ అన్ని ఊళ్ళకును చేరలేదు. ఆ ఆగస్టులో 1 లక్షా 39 వేల కోట్లతో సవరించిన భారత్‌నెట్ పథకము ఆమోదించిరి. ఆపదలో చేసిన వాగ్దానమునకు సొమ్ము సాధారణ కాలములోనే వెదకవలసి వచ్చును.

నేడు మహమ్మారి లేదు, కాని ఆనాడు అలవాటైన దారి నిలిచియున్నది. 2024 సెప్టెంబరు 2న కేంద్ర మంత్రివర్గము 2,817 కోట్ల రూపాయలతో డిజిటల్ వ్యవసాయ మిషను ఆమోదించెను. రైతుకొక గుర్తింపు సంఖ్య, దానికి భూమి రికార్డు, వేసిన పంట జోడించుట అందలి ముఖ్యమైన పని. భూమి తన పేర లేని కౌలుదారుకు 2020 ఏప్రిల్ కిస్తు రాలేదని మరువరాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టము ప్రకారము పంట సాగుదారు హక్కు పత్రము పొందిన కౌలుదారు ఈ-పంటలో తన సాగును నమోదు చేయించుకొనవచ్చును. పత్రము 11 నెలలకే చెల్లును గనుక ఏటేట మరల తీసికొనవలెను.

పాసుపుస్తకములో, ఆధారులో, బ్యాంకు పుస్తకములో మీ పేరు ఒకే తీరుగ వ్రాసియున్నదో లేదో ఈ వారములోనే మూటిని ప్రక్క ప్రక్కన పెట్టి చూచుకొనుడు. ఇంటి పేరులో ఒక అక్షరము తేడా యున్నను కిస్తు ఆగవచ్చును. ఊరిలో పంట నమోదు జాబితా ప్రదర్శించినప్పుడు పోయి చదువుడు. చదువరాని పొరుగువారికి చదివి వినిపింపుడు. తప్పున్నచో గడువులోపల వ్రాతమూలముగ అర్జీ ఇచ్చి రసీదు తీసికొనుడు.