పురిటిలోనే పోవు బిడ్డలు



మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో పురిటిలోనే బిడ్డ పోయెనని విన్నప్పుడు మనమందఱము ఒక్కమాట యందుము: “బాలారిష్టము.” ఆ మాటతో విచారణ ముగియును. బిడ్డకు పేరుండదు, తల్లి దుఃఖమునకు మాటయుండదు. నేను ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా నుండి, ఏటేట పిల్లల పేర్లు పట్టీలో వ్రాసితిని. ఆ పట్టీకి ఎక్కవలసియుండియు ఎక్కని పిల్లలను గూర్చి నేడు మనవి చేయదలచితిని.

ముందుగా రెండు మాటల యర్థము చెప్పుదును. గర్భము 28 వారములు నిండిన పిమ్మట ప్రాణములేక పుట్టిన శిశువును లెక్కలలో మృతజాతశిశువందురు. ప్రాణముతో పుట్టి 28 దినములలోపల పోయినచో దానిని నవజాతశిశు మరణమందురు. టీకాలవలనను, విరేచనములకు చేయు చికిత్సవలనను పెద్దబిడ్డల మరణములు చాలవఱకు తగ్గినవి. కాని ఈ మొదటి నెల మరణములు అంత వేగముగా తగ్గలేదు. వానిలోను నాలుగింట మూడుపాళ్లు మొదటి వారముననే సంభవించుచున్నవి.

ఈ సంగతి గమనించి 2014వ సంవత్సరము మే నెలలో జెనీవా నగరమున ప్రపంచ ఆరోగ్యసభ ఒక ప్రణాళికను ఆమోదించెను. ఆ యేడే సెప్టెంబరు నెలలో మన దేశమును తన నవజాతశిశు కార్యాచరణ ప్రణాళికను ప్రకటించెను. 2030 నాటికి నవజాత మరణములును, మృతజననములును వేయింటికి పదికంటె తక్కువ కావలెననుట దాని సంకల్పము. 2014లో వేయి సజీవజననములకు 26గా నున్న నవజాత మరణములు 2020 నాటికి 20కి దిగినవి. తగ్గినమాట నిజమే, గమ్యమింకను దూరముగానే యున్నది.

ఈ బిడ్డలేల పోవుచున్నారు? ముఖ్యకారణములు మూడు: నెలలు నిండకయో బరువు చాలకయో పుట్టుట, కాన్పువేళ ఊపిరాడకుండుట, పుట్టినపిమ్మట చీముపట్టు వ్యాధులు సోకుట. మృతజాతశిశువులలో సయితము పెక్కుమంది నొప్పులు మొదలగునప్పటికి తల్లిగర్భమున సజీవులై యున్నవారే. అనగా ఆ బిడ్డ పోయినది కొన్ని గంటల కాలములో. ఆ గంటలు ఎవరిచేతిలో నున్నవో విచారింపవలెను.

సిగ్గువిడిచి నా యింటి సంగతి యొకటి చెప్పెదను. నలువదియేండ్ల క్రిందట మా చెల్లెలు తొలికాన్పునకు పుట్టినింటికి వచ్చెను. నొప్పులు మొదలై రాత్రి గడచెను. మంత్రసాని చేయివేసి చూచి, “బిడ్డ అడ్డముగా నున్నది, ఆదోనికి తీసికొనిపొండు” అనెను. మా నాయనగారు నన్ను పిలిచి పంచాంగము చూడుమనిరి. వర్జ్యము నడచుచుండెను. నేను శాస్త్రము చదివినవాడను గదా! “నాలుగు గడియలాగుదము” అంటిని. ఆగితిమి. పిమ్మట బండి కట్టితిమి. మా చెల్లెలు బ్రదికెను, బిడ్డ దక్కలేదు. ఆ యాలస్యముననే పోయెనో కాదో భగవంతునికే తెలియును. కాని బండి కట్టవలసినవేళ నేను పంచాంగము విప్పితినని నాకు తెలియును.

పెండ్లికి, ఉపనయనమునకు, గృహప్రవేశమునకు మనము ముహూర్తము పెట్టుదుము. అవి మన యిచ్ఛచేత ఆరంభించు కార్యములు. జననము తన కాలమున తాను వచ్చును. జాతకమునకై ఆ గడియను గుర్తించుకొందుమే గాని దానిని నిర్ణయింపము. కావున ప్రసవవేదనకు వర్జ్యము లేదు, రాహుకాలము లేదు.

వైద్యులు మూడు ఆలస్యములను చెప్పుదురు. పోవలెనని నిశ్చయించుటలో ఆలస్యము మొదటిది. ఆసుపత్రికి చేరుటలో ఆలస్యము రెండవది. చేరినపిమ్మట చికిత్స దొరకుటలో ఆలస్యము మూడవది. మూడవదానిని తీర్చు భారము ప్రభుత్వముది. అందులకే కాన్పుజరుగు ప్రతి ఆసుపత్రిలోను నవజాతశిశువునకొక మూల, పెద్ద ఆసుపత్రులలో వెచ్చని మంచములును, ప్రాణవాయువును గల ప్రత్యేకశాల ఉండవలెనని ప్రణాళిక చెప్పుచున్నది. ఆదోనినుండి కర్నూలు సుమారు నూఱు కిలోమీటర్లు. గర్భిణి నడుగడుగున నొకచోటినుండి మఱియొకచోటికి పంపుచుండిన కాలము మించిపోవును గావున, సమీపముననే యీ సదుపాయములుండవలెనని అడుగుట మన హక్కు. రెండవదానికి 2005 నుండి 108 వాహనమున్నది. మొదటి ఆలస్యము మాత్రము మన అరుగుమీదిది. పెద్దలమైన మన నోటిమాటలో నున్నది.

మన ప్రాంతమునకు మఱియొక చిక్కుగలదు. వానలు తప్పినయేట మనవారు మిరప కోతకును, ప్రత్తితీతకును గుంటూరువైపు వలసపోవుదురు. గర్భిణియు వారితో పోవును, పరీక్షలు తప్పును. పోకతప్పనిచో మాతాశిశు కార్డు మూటలో నుండవలెను. పోయినచోట ఆరోగ్యకేంద్రమునకు పోవలెను. గర్భకాలమున నాలుగుసార్లకు తక్కువకాకుండ పరీక్ష జరుగవలెను. ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రులలో గర్భిణులకు ప్రత్యేకపరీక్ష జరుగును. కడుపులో బిడ్డ కదలిక తగ్గినదని ఆమె చెప్పిన క్షణముననే బయలుదేరవలెను. పదునెనిమిదేండ్లు నిండని పిల్లకు పెండ్లి చేయుట నేరమే గాక, ఆమెకును ఆమె బిడ్డకును ప్రాణాపాయము.

ఇక పురిటింటి సంగతి. ఆసుపత్రిలో కాన్పైనచో ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 దినములలో ఇంటికివచ్చి బిడ్డను చూడవలెనని 2011 నుండి ఏర్పాటున్నది. మొదటి రెండు రాకలును మన పురుడు పదిదినములలోనే పడుచున్నవి. మైలయని ఆమెను వాకిట నిలిపినచో, బిడ్డకు మిక్కిలి అపాయమైన దినములలో చూచువారు లేకపోవుదురు. ఆ తలుపు తెఱువవలసినవారు మీరు. మహారాష్ట్రమున గడ్చిరోలి గ్రామములలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి స్త్రీలకు నేర్పి ఇట్లే ఇంటింట చూపించి, నవజాత మరణములను సగముకంటె ఎక్కువ తగ్గించిరి. ఆ ఫలితము 1999లో ప్రకటితమైనది.

ముర్రుపాలు పాఱబోయరాదు, అవి బిడ్డకు తొలిరక్ష. తేనె, ఆముదము నాకింపరాదు. బొడ్డుకు బూడిద పూయరాదు. పుట్టినవెంటనే స్నానము చేయింపరాదు. బరువు తక్కువైన బిడ్డను తల్లి తన ఱొమ్మున చర్మమునకు చర్మము తగులునట్లు హత్తుకొని కప్పుకొనవలెను. కంగారూ జంతువు తన పిల్లను సంచిలో దాచుకొనునట్లు. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున వెచ్చని పెట్టెలు చాలక వైద్యులు కనుగొన్న ఉపాయమిది. తల్లి అలసినచో తండ్రియు, అవ్వయు చేయవచ్చును. బిడ్డ పాలు త్రాగకున్నను, ఒడలు చల్లబడినను, ఊపిరి వేగముగా తీసినను తడయక ఆసుపత్రికి చేర్పవలెను.

చివరిమాట. 1969 నాటి చట్టముచొప్పున మృతజననమును సయితము నమోదు చేయింపవలెను. లెక్కకు రాని మరణమునకు కారణము వెదకువారుండరు. ఎమ్మిగనూరి నేతగాడు పోగు తెగినప్పుడు మగ్గమునాపి, తెగినచోటు వెదకి ముడివేయునే గాని గ్రహచారమని ముందునకు నేయడు. మన యూరిలో ఇకమీద బిడ్డ పోయినచో “బాలారిష్టము” అనుటకు ముందు, “ఎక్కడ ఆలస్యమైనది?” అని అడుగుదము. ఆ ప్రశ్న నేను నలువదియేండ్లు ఆలస్యముగా అడిగితిని.