మిగిలిపోయిన రెండు కిలోమీటర్లు

కుందలహళ్ళి వాసులకు మెట్రో రైలు ఇప్పుడు వింత కాదు. కాని దాని నిర్మాణం మనకు నేర్పిన పాఠం ఒకటున్నది.

బెంగుళూరులో తొలి మెట్రో రైలు 2011 అక్టోబరు 20న బైయప్పనహళ్ళి నుండి మహాత్మాగాంధీ రోడ్డు వరకు నడిచింది. ఆ దారిని వైట్‌ఫీల్డు దాకా పొడిగించడం రెండవ దశలో భాగం. దానికి కేంద్ర ప్రభుత్వం 2014లో ఆమోదం తెలిపింది. ఆ పని జరిగినన్నాళ్లూ రోడ్డు నడుమ రేకుల అడ్డుగోడలు, గోతులు, దుమ్ము. అన్నీ ఓర్చుకున్నాము.

2023 మార్చి 25న వైట్‌ఫీల్డు, కృష్ణరాజపురం మధ్య 13.71 కిలోమీటర్ల దారి, 12 స్టేషన్లతో ప్రారంభమైనది. కుందలహళ్ళి అందులో ఒకటి. సంతోషించాము. అయితే కృష్ణరాజపురం నుండి బైయప్పనహళ్ళి వరకు సుమారు రెండు కిలోమీటర్లు మిగిలిపోయింది. అక్కడ మెట్రో దారి రైల్వే పట్టాల మీదుగా పోవాలి. క్రింద రైళ్లు తిరుగుతుండగా పైన వంతెన కట్టడం తేలిక పని కాదు.

ఇంతకూ నష్టమెవరికి? మెజెస్టిక్ వెళ్లవలసినవారు కృష్ణరాజపురంలో దిగి, బస్సు పట్టుకొని, బైయప్పనహళ్ళిలో మళ్లీ మెట్రో ఎక్కవలసి వచ్చింది. పడుచువారికి అది ఒక విసుగు మాత్రమే. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు మాత్రం ప్రయాణమే మానుకొనవలసినంత కష్టం. ఆరు నెలలు దాటాక, 2023 అక్టోబరు 9న ఆ తునక కూడ తెరిచారు. అదే రోజున కెంగేరి అవతల చల్లఘట్ట దాకా దారి సాగింది. మొత్తం 43.49 కిలోమీటర్లు ఒకే రైలులో పోవచ్చును.

గొలుసులో ఒక్క లంకె లేకపోయినా తక్కినదంతా ఉండీ లేనట్టే. సిల్కుబోర్డు నుండి కృష్ణరాజపురం మీదుగా విమానాశ్రయానికి పోయే నీలి మార్గానికి 2021లో ఆమోదం లభించింది. అది 58.19 కిలోమీటర్లు. 2025లోనూ నిర్మాణం సాగుతూనే ఉన్నది. అది పూర్తయితే మన వారికి మరో లంకె దొరుకుతుంది.

మరి ఇంటి నుండి స్టేషను దాకా ఉన్న లంకె మాటేమిటి? నడవడానికి తగిన కాలిబాట, రాత్రి వేళ దీపం, రోడ్డు దాటడానికి భద్రమైన చోటు, వేళకు వచ్చే చిన్న బస్సు—ఇవి ఉంటేనే మన ఇళ్లలోని తాతగారు, అమ్మమ్మగారు ఎవరి తోడూ అడగకుండ గుడికో, చుట్టాల ఇంటికో పోగలరు. ఇవి పెద్ద ఖర్చు పనులు కావు. ఒక్కొక్కరం గొణుగుకొనే బదులు, ఒక్కొక్క వీధివారం కలిసి నగరపాలక అధికారులకు అర్జీలు పెట్టుకొందాము. అంత పెద్ద వంతెన కట్టగలిగిన నగరానికి ఒక కాలిబాట వేయడం అసాధ్యం కాదు.