గోదావరి పడవపాట, చౌరస్తా రెగే: గతి, వలసల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

రాక్ సంగీతాన్ని లాటిన్, కరీబియన్ లయలతోనూ స్థానిక జానపద బాణీలతోనూ కలిపి వేదికలపై ప్రదర్శించే స్వతంత్ర బృందాలు తెలుగులో తక్కువ. వాటిలో 'చౌరస్తా' బృందం జానపద రెగే శైలితో గుర్తింపు పొందింది. ఈ మేళవింపు తెలుగు చెవికి ఎందుకు పరాయిగా వినిపించదో గోదావరి డెల్టా శ్రామికగేయాల నేపథ్యంలోనూ, దేశి ఛందస్సు ఆధారంగానూ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చౌరస్తా, రెగే, పడవపాట, మాత్రాగణం, యతి, వలస.

1. ప్రవేశిక:

రాక్, లాటిన్ సంగీతాల కలయికకు ప్రపంచవ్యాప్తంగా ప్రాచుర్యం తెచ్చిన బృందం అమెరికాకు చెందిన 'సంటానా'. 1969లో వుడ్‌స్టాక్ వేదికపై ఆ బృందం ఎలక్ట్రిక్ గిటారుకు కాంగా, టింబాలే వాద్యాలను జోడించింది. 1970లో వెలువడిన 'అబ్రాక్సస్' ఆల్బంలో టిటో ప్యుయెంతే చాచాచా రచనను రాక్ శైలిలో వినిపించింది. ఇదే కాలానికి కొంచెం ముందు, 1960ల చివరలో, జమైకాలో స్కా, రాక్‌స్టెడీ శైలుల నుంచి రెగే రూపొందింది. 2018లో యునెస్కో రెగేను మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

తెలుగులో ఇటువంటి మేళవింపు చాలాకాలం సినిమా పాటల వాద్యగోష్ఠికే పరిమితమైంది. సినిమాలో లయ సన్నివేశానికి అలంకారం. సన్నివేశం మారితే లయా మారుతుంది. హైదరాబాదు కేంద్రంగా ఏర్పడిన చౌరస్తా వంటి స్వతంత్ర బృందంలో లయ ఆ బృందపు వ్యక్తిత్వం. కనుక అక్కడ పదానికీ లయకూ మధ్య ఉన్న సంబంధం మరింత స్పష్టంగా పరిశీలనకు దొరుకుతుంది.

2. డెల్టాలో పాట - పని:

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తర్వాత గోదావరి డెల్టాలో విస్తరించిన కాలువలు సాగునీటికే కాక రవాణాకూ ఉపయోగపడ్డాయి. లాకుల మీదుగా సరుకుల పడవలు, ప్రయాణికుల పడవలు నడిచేవి. తెడ్డు వేసేటప్పుడు, గట్టు వెంట తాడు పట్టి పడవను లాగేటప్పుడు ఒకరు పాట ఎత్తుకోవడం, మిగిలినవారు 'హైలెస్సా' అని అందుకోవడం పడవపాటల నిర్మాణం. ఇక్కడ పల్లవి అందుకోవడం వినోదం మాత్రమే కాదు. అందరి బలం ఒకే క్షణంలో పడటానికి అది సంకేతం. ఊడ్పుల పాటల్లోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది.

రాజమహేంద్రవరం కేంద్రంగా జానపదగేయ సేకరణకు జీవితాన్ని అంకితం చేసిన నేదునూరి గంగాధరం వంటి వారి కృషివల్ల ఇటువంటి గేయాలెన్నో గ్రంథస్థమయ్యాయి. అయితే అచ్చులో నిలిచేది పదం. తెడ్డు పడిన చోటు, ఊపిరి తీసుకున్న చోటు అచ్చుకు అందవు. రోడ్లు, బస్సులు కాలువ ప్రయాణాన్ని వెనక్కి నెట్టాక ఆ పని ఆగింది. పనితో ముడిపడిన లయ కూడా చాలావరకు ఆగింది.

ఒకరు పాడితే బృందం బదులివ్వడం క్యూబా 'సోన్' సంగీతంలోనూ ప్రధాన లక్షణం. అక్కడ ఎత్తుగడ పాడే పద్ధతిని 'ప్రెగోన్' అని, బృందం బదులును 'కోరో' అని అంటారు. రెంటికీ మధ్య వారసత్వ సంబంధం ఉందని చెప్పడం ఈ పరిశీలన ఉద్దేశం కాదు. నిర్మాణం ఒకేవిధంగా ఉన్నప్పుడు ఒక సంప్రదాయంలోని పదం మరో సంప్రదాయపు లయలో సులభంగా ఇముడుతుందన్నది మాత్రమే ఇక్కడి ప్రతిపాదన.

3. యతిస్థానం - రెగే దెబ్బ:

రెగేలో ప్రసిద్ధమైన లయరూపం 'వన్ డ్రాప్'. నాలుగు దెబ్బల ఆవృత్తంలో మొదటి దెబ్బ దగ్గర డ్రమ్ము మౌనంగా ఉంటుంది. మూడవ దెబ్బపై బలంగా మోగుతుంది. గిటారు రెండవ, నాలుగవ దెబ్బలపై పొట్టిగా తెగుతూ పలుకుతుంది. మొదటి దెబ్బకు ప్రాధాన్యమిచ్చే లయలకు అలవాటుపడిన శ్రోతకు ఇది తలకిందులుగా తోస్తుంది.

తెలుగు ఛందస్సులో మధురగతి రగడ పాదానికి నాలుగు చతుర్మాత్రాగణాలు ఉంటాయి. మూడవ గణం మొదటి అక్షరం యతిస్థానం. వివరణ కోసం కల్పించిన ఈ పాదాన్ని గమనించవచ్చు:

కాలువ / నీటను / కదలెను / పడవలు

ప్రతి గణం నాలుగు మాత్రలు. 'కా', 'క'లకు యతిమైత్రి. గణానికొక దెబ్బ చొప్పున రెగే ఆవృత్తంలో ఈ పాదాన్ని ఉంచితే 'కాలువ' డ్రమ్ము లేని చోట పడుతుంది. 'నీటను', 'పడవలు' గిటారు పలికే చోట పడతాయి. 'కదలెను' సరిగ్గా డ్రమ్ము మోగే చోట పడుతుంది. అంటే వన్ డ్రాప్ దెబ్బ యతిస్థానాన్ని తాకుతుంది. పాదం మొదట్లో వినిపించిన ధ్వని మళ్లీ ఎక్కడ పలుకుతుందని తెలుగు చెవి ఎదురుచూస్తుందో, అక్కడే రెగే తన బరువును దించుతుంది. జమైకా లయ తెలుగు పదానికి అడ్డురాకపోవడానికి ఇదొక ఛందోపరమైన కారణం.

లాటిన్ లయ విషయంలో స్థితి వేరు. క్యూబా సంగీతంలో విస్తృతంగా వినిపించే 'త్రెసియ్యో' ఎనిమిది మాత్రలను 3+3+2గా విభజిస్తుంది. మొత్తం నిడివి రెండు చతుర్మాత్రాగణాలకు సమానం. కాని 'కాలువ నీటను' అన్న భాగాన్ని దీనిపై ఉంచితే ఊనికలు 'కా', 'వ', 'ట' అక్షరాలపై పడతాయి. రెండవ పదం మొదలైన 'నీ' ఊనిక లేకుండా మిగులుతుంది. గణవిభజన ఒక దారిలో, ఊనిక మరో దారిలో నడుస్తాయి. ఈ ఘర్షణవల్లే ఊగిసలాట పుడుతుంది. రెగే తెలుగు పాదానికి తోడు నిలిస్తే, త్రెసియ్యో దానితో పోటీపడుతుంది. రెండింటినీ 'పాశ్చాత్య లయ' అనే ఒకే మాటతో సరిపెట్టడం ఈ భేదాన్ని మరుగుపరుస్తుంది.

గురజాడ 1910లో ముత్యాలసరాన్ని ప్రవేశపెట్టినప్పుడు 3+4 మిశ్రగతిని ఆధునిక కవిత్వానికి వాహకం చేశారు. గతిని మార్చడం భావప్రకటనను మార్చడమేనని తెలుగు సాహిత్యం అప్పుడే గ్రహించింది. స్వతంత్ర బృందాల పాటను ఆ దృష్టితో చదవడానికి ప్రాతిపదిక అదే.

4. వలస అనే వస్తువు:

లయతోపాటు వస్తువులోనూ పోలిక ఉంది. గ్రామాల నుంచి కింగ్‌స్టన్ నగరపు పేదవాడలకు చేరినవారి జీవితం రెగేకు పుట్టినిల్లు. గోదావరి డెల్టాకూ వలస కొత్త కాదు. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు పేరుతోనే బర్మాలో తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచారు. తెలుగు కూలీలు చేరిన మారిషస్‌లో స్థానిక 'సేగా' సంగీతం 1980లలో రెగేతో కలిసి 'సెగ్గే'గా మారింది. శ్రమకోసం మనుషులు కదిలిన దారులవెంట లయలూ కదిలాయి, కలిశాయి.

చౌరస్తా బృందపు 'ఊరెళ్ళిపోతా మామా' పాట నగరంలో అలసినవారి తిరుగుప్రయాణ కోరికను వస్తువుగా తీసుకుంది. సంబోధన, ప్రశ్న, జవాబు దాని నడకకు ఆధారం; ఇది జానపద సంవాదగేయాల పద్ధతి. 2020లో కరోనా జాగ్రత్తలపై ఈ బృందం చేసిన 'చేతులెత్తి మొక్కుతా' కూడా విస్తృతంగా ప్రజల్లోకి వెళ్ళింది. ఆపదవేళ సమూహాన్ని హెచ్చరించడం జానపదగేయపు పాత బాధ్యత. ఇక్కడ అది అంతర్జాలం ద్వారా నెరవేరింది.

5. జానపదమా, స్వతంత్ర సృజనా?

కర్తృత్వం తెలిసిన, రికార్డు చేసి విడుదలైన పాట సంప్రదాయ నిర్వచనం ప్రకారం జానపదం కాదు. అందువల్ల జానపద విభాగాలు దీన్ని చేర్చుకోవు; పద్యం, గేయకవిత పరిధిలోకి రాదని ఆధునిక సాహిత్య విమర్శ దీన్ని వదిలేస్తుంది. ఇంతలో సినిమా గాయకులను ఆకర్షిస్తుంది. చౌరస్తాలో పాడిన గాయకుడు రామ్ మిరియాల 'జాతిరత్నాలు' (2021)లో 'చిట్టి' పాటతోనూ, 'డీజే టిల్లు' (2022) శీర్షికగీతంతోనూ సినీశ్రోతలకు సుపరిచితుడయ్యాడు. గాయకుడికి ఇది ఎదుగుదలే. కాని బృందం వేదికపై ప్రదర్శన ప్రదర్శనకూ మార్చుకునే పాటరూపం సినిమా నమూనాలో ఇమడదు. దాన్ని నమోదు చేసే బాధ్యత పరిశోధనరంగానిదే.

6. ముగింపు:

జానపద రెగే తెలుగులో నిలవడానికి శైలిలోని కొత్తదనం ఒక్కటే కారణం కాదు. పిలుపు-బదులు నిర్మాణం, యతిస్థానంపై పడే దెబ్బ, వలస అనే వస్తువు - ఈ మూడూ తెలుగు సంప్రదాయంలో అప్పటికే ఉన్నవి. పడవపాటల విషయంలో పదాలు దక్కి గతి చేజారింది. స్వతంత్ర బృందాల విషయంలో ఆ పొరపాటు పునరావృతం కాకూడదంటే సాహిత్యపాఠంతోపాటు ఎత్తుగడ, ఊనిక, వేదికపై వచ్చే మార్పులు కూడా లిఖితం కావాలి. ఛందస్సు బోధించే తరగతిగదిలో రగడ పాదాన్ని ఈ లయలతో కలిపి వినిపించడం అందుకు తొలి మెట్టు కాగలదు.