పునాది వెడల్పు

పిల్లవాడు పరీక్ష ప్యాసు కాగానే "ఏ ఉద్యోగం దొరుకుతుంది?" అని అడుగుతాము గాని, "నీవు ఏమి కాదలచుకొన్నావు?" అని అడిగేవారు మన ఇళ్ళలో తక్కువ. నన్నెవరూ అడుగలేదు. నాకూ తోచలేదు. మెట్రిక్యులేషన్ కాగానే దొరికిన గుమాస్తా పనిలో చేరాను.

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వులు మనవలెనే తెలుగునాటినుండి కన్నడదేశానికి వచ్చినవారు. చిన్నతనంలోనే తండ్రి పోగా, పిల్లలకు పాఠాలు చెప్పుకొంటూ ఆయన 1881లో బి.ఏ. ప్యాసయ్యారు.

తరువాత మైసూరు చీఫ్ ఇంజనీరుగా, కన్నంబాడివద్ద కావేరిపై 4,150 కోట్ల ఘనపుటడుగుల నీరు నిలిపే ఆనకట్ట తలపెట్టారు. మద్రాసు ప్రభుత్వం అడ్డుచెప్పింది. చివరకు 1,100 కోట్లకే అనుమతి వచ్చింది. 1911లో పని మొదలైంది. పునాది మాత్రం మొదట తలచిన పెద్దకట్టకు సరిపోయేటట్లే పడింది. తగవు ఏండ్లతరబడి సాగి 1924 ఒప్పందంతో తీరింది. పెద్దకట్టకు అంగీకారం దొరికేనాటికి పునాది సిద్ధంగా ఉంది.

ధ్యేయమంటే ఇదే. కోరినది వెంటనే దొరకకపోవచ్చు. దొరికిననాడు మోయగల పునాది ఉండవలె.

నేను దొరికినంతకే పునాది వేసుకొన్నవాణ్ణి. ఇరవై ఏండ్లకు పై ఉద్యోగం ఖాళీ అయితే, దానికి కావలసిన చదువు నావద్ద లేదు. నాకంటె చిన్నవాడు ఆ కుర్చీలో కూర్చున్నాడు. తప్పు అతనిది కాదు.

మొన్న మా అబ్బాయి పదవ తరగతి ప్యాసైనాడు. పాత ప్రశ్నే నోటిదాకా వచ్చింది. దానిని మింగి, రెండవది అడిగాను. వాడు తెల్లబోయి చూచాడు. తొందరలేదు, ఆలోచించి చెప్పమన్నాను.

మీ ఇంట కూడ ఒకసారి అడిగి చూడండి.